పాత పికప్ ఘాట్‌రోడ్డులో ఎందుకు ఆగిపోతుంది?

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరపున ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కవితలు, కథలు రాసే చేతులు కావు మావి. ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసయ్యాం. తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చేసి, ఇప్పుడు రంపచోడవరంలోనే చిన్న షెడ్డు నడుపుకుంటున్నాం. మాకు వచ్చిన విద్య అదొక్కటే. అందుకని తమ్ముళ్ల కోసం ఒక ఇంజను పాఠం రాస్తున్నాం. ఇందులో మేము చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచి రాస్తే పాఠం సగమే అవుతుంది కనుక అదీ చెబుతాం.

మన ఏజెన్సీలో బండి ఆగిపోవడం రాజమండ్రిలో ఆగిపోవడం లాంటిది కాదు. అక్కడైతే పక్కకు తోసి, ఆటో ఎక్కి పోవచ్చు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కాక మలుపు మలుపుకీ అడవే. చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు. బండిలో జీడిపిక్కలు, చింతపండు, కొండచీపుర్లు ఉంటాయి. వాటి మీద మనుషులుంటారు. ఒక్కోసారి రోగి కూడా ఉంటాడు. కొండ ఊళ్లకు తిరిగే బండ్లలో కొత్తవి తక్కువ. చేతులు మారిన కమాండర్ జీపులు, పాత పికప్‌లే ఎక్కువ. అవన్నీ కంప్యూటరు లేని డీజిల్ ఇంజన్లు. కంప్యూటరు లేదు కాబట్టి తప్పు ఎక్కడుందో అదే చెప్పదు, మనమే పట్టుకోవాలి.

ఇంజనుకు ఏం కావాలి?

పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిల్ బండిలో ప్లగ్గు లేదు, రవ్వ లేదు. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో సరిగా నడిపి చూపించిన ఇంజను కిటుకు ఇదే. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కేస్తుంది. సైకిలు పంపు కొడుతుంటే అడుగు భాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. అదే పని ఇక్కడ ఎన్నో రెట్లు జరుగుతుంది. అంత వేడి గాలిలోకి నాజిల్ సన్నటి తుంపరగా డీజిల్ కొట్టగానే అది తనంతట తానే అంటుకుంటుంది.

కాబట్టి ఇంజనుకు కావలసినవి మూడే: గాలి, ఆ గాలిని గట్టిగా నొక్కే బలం, సమయానికి డీజిల్. పొద్దున్నే ఒక సెల్ఫుకే స్టార్టయి, ముప్పై కిలోమీటర్లు బాగా నడిచిన బండికి నొక్కే బలం ఉన్నట్టే. ఎయిర్ క్లీనరు దుమ్ముతో మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, పికప్ తగ్గుతుంది. అది ముందే తెలుస్తుంది. ఇక మిగిలింది డీజిల్. దారిలో ఆగిపోయే పాత బండ్లలో మా షెడ్డుకు వచ్చినవి ఎక్కువ శాతం డీజిల్ అందక ఆగినవే.

డీజిల్ నడిచే దారిని కాగితం మీద గీసుకోండి. ట్యాంకు, ట్యాంకులోకి దిగిన గొట్టం, దాని చివర జల్లెడ, అక్కడి నుంచి చాసిస్ పొడవునా పైపు, మధ్యలో రబ్బరు హోసులు, ఫీడ్ పంపు, దాని మీద చేత్తో నొక్కే ప్రైమరు, ఫిల్టరు, ఇంజక్షన్ పంపు, సన్నటి ఇనుప పైపులు, నాజిల్స్. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులో తిరిగి ట్యాంకుకే పోతుంది. మన ఊరికి నీళ్లు కొండవాగు నుంచి గొట్టాల్లో వస్తున్నాయనుకోండి. కుళాయిలో నీళ్లు రాకపోతే కుళాయి విప్పి చూస్తామా, గొట్టం వెంట నడిచి వాగు దాకా వెళ్లి చూస్తామా? మెకానిక్కులు చాలామంది మొదట కుళాయే విప్పుతారు. మేమూ అదే చేశాం.

ఎలా ఆగిందో అడగాలి

స్పానరు పట్టుకోకముందు డ్రైవరును అడగాల్సినవి ఉన్నాయి. బండి టక్కున ఆగిందా, ఊపిరాడనట్టు ఎగదన్నుకుంటూ ఆగిందా అన్నది మొదటిది.

తాళం తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు చూడాలి. రోటరీ పంపు ఉన్న బండ్లలో పంపు నెత్తిన ఒక సొలినాయిడ్ ఉంటుంది. దానికి పన్నెండు వోల్టుల వైరు ఒకటి వస్తుంది. ఆ వైరు వదులై గతుకుల్లో ఊడితే డీజిల్ కట్టయిపోతుంది. వైరు పెట్టి తీస్తుంటే 'టిక్కు'మని చిన్న చప్పుడు రావాలి. రాకపోతే కరెంటు అందడం లేదు, లేదా సొలినాయిడే పోయింది. పాత జీపుల్లో సొలినాయిడ్ ఉండదు, చేత్తో లాగే స్టాప్ వైరు ఉంటుంది. అది తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి పోకపోయినా బండి ఆగుతుంది.

చదునులో బాగుండి, ఎక్కుడులో లాగలేక, యాక్సిలేటరు తొక్కినా రేసు అందక, ఊగిసలాడి ఆగితే డీజిల్ చాలడం లేదని అర్థం. ఎక్కుడులో ఇంజనుకు ఎక్కువ డీజిల్ కావాలి. సగం మూసుకుపోయిన ఫిల్టరు చదునులో సరిపెట్టుకుంటుంది, ఘాట్‌లో దొరికిపోతుంది. లోపలి ఊళ్లలో డ్రమ్ముల్లో, సీసాల్లో కొన్న డీజిల్‌తో నీళ్లు కూడా వస్తాయి, వానాకాలం మరీను. డీజిల్ నీటికన్నా తేలిక, అందుచేత నీళ్లు అడుగున చేరతాయి. ఫిల్టరు కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజుసీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనబడితే ఆ డీజిల్ ట్యాంకులో ఉండకూడదు.

నిలబెట్టి, యాక్సిలేటరు వదిలినప్పుడే ఆగితే మొదట ఐడిలింగ్ స్క్రూ చూడాలి. అప్పటికీ తగ్గకపోతే ఎయిర్ పట్టిందేమో చూడాలి.

ఎయిర్ గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ నెట్టబడదు, పీల్చబడుతుంది. అందుకని అక్కడ హోసుకు సన్నటి పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కదా, పైపు బాగానే ఉందని మోసపోతాం. ఫీడ్ పంపు ముందు ఒక జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తగిలించి చూస్తే బుడగలు కంటికి కనబడతాయి. ఎయిర్ తీయాలంటే ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి ప్రైమరు కొట్టాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి స్వచ్ఛమైన ధార. అప్పుడు కొడుతూనే స్క్రూ బిగించాలి. నాజిల్ పైపుల నట్లు విప్పి ఎయిర్ తీసేవాళ్లు చేతులు దూరంగా పెట్టుకోవాలి. అక్కడి డీజిల్‌కు నూరు బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే కడిగి కట్టు కట్టి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మావయ్య బండి

ఇప్పుడు మా తప్పు సంగతి. కొన్నేళ్ల కిందట మారేడుమిల్లి పైనున్న ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన పాత పికప్ తెచ్చాడు. మేము ఆయన్ని మావయ్య అని పిలుస్తాం. మన హాస్టల్ పిల్లలు షెడ్డు పెట్టారని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. బండి ఇక్కడ బంకులో డీజిల్ కొట్టించుకుని బయలుదేరుతుంది, మారేడుమిల్లి దాకా 27 కిలోమీటర్లు చక్కగా పోతుంది, ఘాట్ మొదలయ్యాక ఊపిరాడనట్టు అయి ఆగిపోతుంది. ఒక అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. దిగుడులో రంపచోడవరం వచ్చేటప్పుడు ఏ పేచీ లేదు.

వేడి మీద ఆగుతోంది, చల్లారితే నడుస్తోంది, ఎక్కుడులోనే వస్తోంది. మేము విని తలలూపాం. ఇంజక్షన్ పంపు అరిగిపోయింది, లోపల వేడికి డీజిల్ పల్చనై జారిపోతోంది అన్నాం. నిరూపించడానికి ఒక పరీక్ష కూడా చేశాం. పాత మెకానిక్కులు చేసేదే. బండితోపాటు ఘాట్ ఎక్కాం. అది ఆగగానే పంపు మీద తడిగుడ్డ కప్పాం. ఇరవై నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే స్టార్టయింది. చూశావా మావయ్యా, పంపే అన్నాం.

ఆ రోజు మావయ్య ఒక మాట అన్నాడు. "ట్యాంకు ఫుల్లు కొట్టించిన రోజే ఎక్కువ పేచీ పెడతందిరా అబ్బాయిలూ. డీజిల్ తక్కువున్నప్పుడు బానే పోతంది."

మేము నవ్వాం. డీజిల్ ఎక్కువుంటే బండి ఆగడమేమిటి మావయ్యా, తక్కువుంటే ఆగాలి గానీ అన్నాం. ఆయన ఇంకేం మాట్లాడలేదు. పంపు విప్పి పట్నం పంపి ఓవరాలింగ్ చేయించాం. ఆ యేడు జీడిపిక్కలమ్మిన సొమ్ములో సగానికి పైగా దానికే పోయింది.

పంపు బిగించిన పది రోజులకు రాత్రి తొమ్మిదింటప్పుడు కబురొచ్చింది. బండి మళ్లీ ఆగింది. ఈసారి అందులో జ్వరంతో ఉన్న పిల్లవాడున్నాడు. పొద్దున బంకులో ఫుల్లు కొట్టించుకుని, సరుకు దింపి ఊరెళుతూ, ఘాట్ మీది ఊళ్లో ఆ పిల్లవాణ్ణి, తల్లిని ఎక్కించుకుని మళ్లీ వెనక్కి తిప్పారు. ఆ తిరుగుదలలోనే ఆగింది. మేము మోటారు సైకిలు మీద పోయేసరికి తల్లీబిడ్డల్ని వెనక వచ్చిన జీపులో రంపచోడవరం పంపేశారు. పిల్లవాడికి మలేరియా అని తేలింది, తర్వాత కోలుకున్నాడు. జీపు రాకపోయి ఉంటే ఏమయ్యేదో మేము ఇద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం.

బండి దగ్గర టార్చి వేసి, అసలు డీజిల్ ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాం. 'స్‌స్‌స్'మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినబడింది. మూత ఊడిరావడానికి కూడా మొరాయించింది. మూత తీసి ప్రైమరు నాలుగు నొక్కులు నొక్కి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. తడిగుడ్డ లేదు.

నూనె డబ్బాకు రెండు చిల్లులు

మన వంటమాస్టరు పామాయిల్ డబ్బా తెరవడం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఒక మూల ఒక్క చిల్లే పెడితే నూనె గుడగుడమని ఆగి ఆగి పడుతుంది. ఎదురు మూల రెండో చిల్లు పెట్టగానే ధార కడుతుంది. నూనె ఖాళీ చేసిన చోటులోకి గాలి పోవాలి కదా. ట్యాంకుకూ అంతే. అందుకే చాలా పాత బండ్ల ట్యాంకు మూతలో కంటికి సరిగా ఆనని సన్నటి రంధ్రం గానీ, చిన్న వాల్వు గానీ ఉంటుంది. మావయ్య బండి మూత జాతరలో ఎక్కడో పడిపోయిందట. పాత సామాన్ల దుకాణంలో వేరే బండి మూత కొని పెట్టించాడు. మరలు సరిపోయాయి, బిగువుగా కూర్చుంది, కానీ రంధ్రం లేదు. ఆ బండికి గాలి పోయే దారి వేరేచోట ఉండి ఉంటుంది.

ఇక మావయ్య మాట. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు పెన్సిలు తీసుకోండి. 60 లీటర్ల ట్యాంకు ఫుల్లు చేస్తే పైన గాలికి 3 లీటర్ల చోటు మిగిలిందనుకుందాం. ఘాట్ దాకా 3 లీటర్లు ఖర్చయితే ఆ గాలే ఇప్పుడు 6 లీటర్ల చోటు నింపాలి. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన నియమం ప్రకారం పరిమాణం రెట్టింపైతే పీడనం సగమవుతుంది. బయట గాలి పీడనంలో సగమే లోపల ఉంటే ఫీడ్ పంపు ఎంత పీల్చినా డీజిల్ రాదు. అదే ట్యాంకులో 20 లీటర్లే ఉంటే గాలికి 40 లీటర్ల చోటుంది. 3 లీటర్లు ఖర్చయితే 40 కాస్తా 43 అవుతుంది, పీడనం తగ్గేది నూటికి ఏడు వంతులే. బండికి ఏమీ కాదు. ఫుల్లు కొట్టించిన రోజే ఆగుతుందన్న మావయ్య బడికి పోలేదు. బాయిల్ నియమం రెండు మార్కుల ప్రశ్నగా రాసి పాసైన మేము ఆయన మాటకు నవ్వాం.

అరగంటకు ఎందుకు స్టార్టయ్యేది? మరల సందుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి దూరి పీడనం కోలుకునేది. అంటే పని చేసింది తడిగుడ్డ కాదు, ఇరవై నిమిషాల సమయం. మేము ఒకేసారి రెండు పనులు చేశాం, గుడ్డా వేశాం, ఆగాం కూడా. ఫలితాన్ని మాకు నచ్చినదాని ఖాతాలో వేసుకున్నాం. గుడ్డ లేకుండా అంతే సేపు ఆగి ఒక్కసారి చూసి ఉంటే ఆ రోజే తేలేది. ఇంకో తేడా కూడా మేము పట్టించుకోలేదు. అరిగిన పంపు మామూలుగా వేడి మీద ఆపిన బండిని మళ్లీ స్టార్టు కానివ్వదు. నడుస్తున్న బండి ఊపిరాడక ఆగడం వేరే లక్షణం.

మర్నాడు మేమే డీజిల్ పోయించి, ఫుల్లు ట్యాంకుతో, అదే మూత బిగించి అదే దారిలో పోయాం. అక్కడే ఆగింది. మూత వదులు చేస్తే అప్పటికప్పుడు నడిచింది. మళ్లీ ఫుల్లు చేసి, ఈసారి మూత వదులుగా ఉంచి గుడ్డ చుట్టి పోయాం, ఆగలేదు. అప్పుడుగానీ మేము నమ్మలేదు. సరైన మూత తెప్పించి పెట్టాం. పంపు ఓవరాలింగ్ సొమ్ము మేము వాయిదాల్లో తిరిగి ఇచ్చాం. మావయ్య వద్దన్నాడు, అయినా ఇచ్చాం.

సీసా పరీక్ష

అప్పటి నుంచి దారిలో ఆగే బండి వస్తే మేము పంపు జోలికి పోకముందు చేసేది ఇదే. శుభ్రమైన ఐదు లీటర్ల క్యానులో వడగట్టిన డీజిల్ పోసి, బండిలో పెట్టుకుని ఆగే చోటుకే పోతాం. ఆగగానే ట్యాంకు పైపు ఊడదీసి, క్యాను పంపుకన్నా ఎత్తున కట్టి, దాని హోసు ఫిల్టరుకు తగిలిస్తాం. రిటర్న్ పైపు కూడా క్యానులోకే మళ్లిస్తాం. ఎయిర్ తీసి సెల్ఫ్ కొడతాం. బండి నడిస్తే తప్పు వెనక ఉంది: మూత, జల్లెడ, పైపు, ఫీడ్ పంపు. నడవకపోతే ముందు ఉంది: ఫిల్టరు, పంపు, నాజిల్స్. దారి సగానికి తెగింది కదా, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పోవచ్చు. క్యాను వేడి ఇంజనుకు తగలకుండా, డీజిల్ ఒలకకుండా చూడాలి. చుట్టుపక్కల బీడీ వెలగకూడదు. ప్రైమరు పైకి లేవకుండా బిగుసుకుపోయినా ట్యాంకు వైపు నుంచి డీజిల్ రావడం లేదనే అర్థం. ఇది చూడటానికి క్యాను కూడా అక్కర్లేదు.

డ్రైవింగు నేర్చుకునే తమ్ముళ్లకు ఒక జాగ్రత్త. ఘాట్‌లో ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ కూడా ఆగుతుంది. రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుతుంది. కనుక మాటిమాటికీ తొక్కకుండా ఒకేసారి గట్టిగా తొక్కి నిలపాలి, హ్యాండ్ బ్రేకు లాగాలి, గేరులో వేయాలి, చక్రాల కింద రాళ్లు పెట్టించాలి, ఆ తర్వాతే మనుషుల్ని దింపాలి. న్యూట్రల్‌లో వెనక్కి జారి స్టార్టు చేద్దామని చూడొద్దు. టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాటి ఆగిన బండిని చల్లారేదాకా స్టార్టు చేయొద్దు, వేడి మీద రేడియేటరు మూత విప్పొద్దు.

ఇదంతా పాత బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటిలో కామన్ రైల్ ఉంటుంది, ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. వాటి నాజిల్ నట్లు నడుస్తుండగా విప్పడం ప్రాణాపాయం, క్యాను పరీక్ష కూడా ఇలా చేయకూడదు. ముందు స్కానరు పెట్టి కోడ్ చదవాలి. కోడ్ చూశాక కూడా డ్రైవరును అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే: ఎప్పుడు, ఎంత దూరానికి, ట్యాంకులో ఎంతుండగా, ఈ మధ్య ఏం మార్పించారు. చివరి ప్రశ్నను మేము మావయ్యను ఇంజను వరకే అడిగాం. మూత ఇంజనులో భాగమని మాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు.

డీజిల్ మెకానిక్ ట్రేడు ఐటీఐలో ఒక సంవత్సరం, మోటారు వెహికల్ మెకానిక్ రెండు సంవత్సరాలు. రెండింటికీ పదో తరగతి చాలు. చేరదామనుకునే తమ్ముళ్లు ఫిజిక్సు పుస్తకం అమ్మేయొద్దు. సెలవుల్లో షెడ్డుకు రండి. మావయ్య బండి పాత మూత అక్కడే మేకుకు వేలాడుతోంది, ఊది చూడొచ్చు.